అతుకు ఎక్కడ ఉన్నది? — లినక్సులో బహుతెరల ఏర్పాటుపై ఒక విమర్శ

ఒక బల్లమీద రెండు మానిటర్లు ప్రక్కప్రక్కన ఉన్నవి. మొదటిది కంప్యూటరులో ముందునుండి ఉన్న గ్రాఫిక్స్ కార్డుకును, రెండవది పాత యంత్రమునుండి ఊడదీసి అమర్చిన మరియొక కార్డుకును తగిలించబడినవి. యంత్రముపై లినక్సు నడచుచున్నది. మౌసును కుడివైపునకు జరుపగా బాణపు గుర్తు మొదటి తెర అంచును దాటి రెండవ తెరమీదికి అవలీలగా పోయినది. కాని పత్రము తెరచియున్న విండోను పట్టి లాగగా అది అంచు దగ్గరనే నిలిచిపోయినది. బాణము దాటిన గీతను విండో ఏల దాటలేదు?

ఇరువది యేండ్ల క్రిందట లినక్సులో రెండు కార్డులు పెట్టుకొన్నవారిలో చాలమందికి ఈ అనుభవము కలిగియుండును. నేడు అదే పని చేయువానికి విండో దాటును. కాని దాటిన పిమ్మట అందులోని చలనచిత్రము తడబడవచ్చును. లేదా యంత్రమును మరల వెలిగించినప్పుడు ఏ కార్డు మొదటిదో, ఏది రెండవదో తారుమారు కావచ్చును. లోపము పూర్తిగా పోలేదు, చోటు మార్చుకొన్నది.

ఈ నలుబది యేండ్లలో వచ్చిన ఏర్పాట్ల గుణదోషములను వరుసగా తూచి చూచుట అవసరము. ఏలయనగా ఈ చిక్కులో పడువాడు సామాన్యముగా డబ్బున్నవాడు కాడు. డబ్బున్నవాడు నాలుగు తెరలను నడుపగల ఒకే కార్డును కొనుక్కొనును. మదర్‌బోర్డుతో వచ్చిన గ్రాఫిక్స్‌కు తోడుగా ఒక పాత కార్డును చేర్చి రెండవ మానిటరును వెలిగింపజూచునది విద్యార్థి, చిన్న కార్యాలయము, కళాశాల ప్రయోగశాల. పాత యంత్రములకు మరల ప్రాణము పోయుట లినక్సు గొప్పలలో ఒకటిగా చెప్పబడుచున్నది. ఆ మాట ఇక్కడ ఎంతవరకు నిలిచినదో చూడవలసియున్నది.

కార్డు చేయు పని

గ్రాఫిక్స్ కార్డు చేయు పనులు ముఖ్యముగా రెండు. బొమ్మను గీయుట ఒకటి. గీసిన బొమ్మను మానిటరుకు అందించుట రెండవది. గీసిన బొమ్మ కార్డు మెమరీలో చుక్కల వరుసలుగా నిలిచియుండును. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుగల సాధారణమైన తెరకు మొత్తము 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు 4 బైట్ల వంతున ఒక బొమ్మకు 82,94,400 బైట్లు కావలెను. సెకనుకు 60 మారులు ఈ బొమ్మనంతటిని మొదటినుండి చివరివరకు చదివి మానిటరుకు పంపవలెను; అనగా సెకనుకు దాదాపు 50 కోట్ల బైట్లు. ఈ చదువు పనిని చేయు భాగమును తెర నియంత్రకము అనవచ్చును. దాని ఆంగ్లనామములో క్యాథోడ్ కిరణ నాళము పేరు నేటికిని నిలిచియున్నది. నాళములు పోయినవి, పేరు పోలేదు.

ఒక కార్డులో ఇట్టి నియంత్రకములు ఎన్ని ఉన్నవో అన్ని తెరలు మాత్రమే వేర్వేరు బొమ్మలతో వెలుగును. తీగలు తగిలించు చోట్లు అంతకంటె ఎక్కువగా ఉన్నను ప్రయోజనము లేదు. సామాన్యులు కొను కార్డులలో చాలకాలము రెండు నియంత్రకములే ఆచారముగా ఉండెను. 2009లో ఏఎమ్‌డి సంస్థ ఐఫినిటీ అను పేరుతో ఒకే కార్డుమీద మూడు తెరలను, 2010లో ఆరు తెరలవరకును నడుపు ఏర్పాటును తెచ్చినది. అంతకుముందు మూడవ తెర కావలెనన్నవాడు సాధారణముగా రెండవ కార్డును వెదకుకొనవలసి వచ్చెడిది.

ఇక్కడ ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన విషయము ఒకటి కలదు. ఒక కార్డులోని నియంత్రకము సాధారణముగా తనకు అందుబాటులో ఉన్న మెమరీలోని బొమ్మనే చదువును. ప్రక్క కార్డు సొంత మెమరీలో ఉన్న బొమ్మను సూటిగా చదివి తన మానిటరుకు పంపజాలదు. రెండు కార్డుల నడుమనున్న ఈ గోడను సాఫ్ట్‌వేరు కూల్చలేదు. దానిమీదుగా సరుకును ఎట్లు అందించవలెనో మాత్రమే నిర్ణయింపగలదు.

తోలుబొమ్మలాటను చూచినవారికి ఈ సంగతి తేలికగా బోధపడును. రెండు తెరలు ప్రక్కప్రక్కన కట్టి, ఒక్కొక్క తెర వెనుక ఒక్కొక్క బృందమును, ఒక్కొక్క దీపమును ఉంచినారనుకొనుడు. హనుమంతుడు ఎడమ తెరనుండి కుడి తెరమీదికి ఎగురవలెను. ఎడమ బృందమువారి చేతిలోని బొమ్మ నీడ కుడి తెరమీద పడదు. ఇందుకు మార్గములు మూడు. ఎవరి ఆట వారిదే అని ఊరకుండుట ఒకటి. ప్రతి బొమ్మకు ఒక నకలు చేసి రెండు బృందములకును ఇచ్చి, ఒకే ఆటను ఇరువురిచేతను ఆడించి, తమ తెరమీద పడు భాగమును మాత్రమే చూపుమనుట రెండవది. ఒక బృందమే ఆట ఆడుచుండగా, ఆ దృశ్యమును క్షణక్షణము నకలు తీసి రెండవ తెరకు అందించుట మూడవది. లినక్సు ఈ మూడు మార్గములను ఇదే వరుసలో త్రొక్కినది.

ఎవరి ఆట వారిదే

1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనువారు ఎక్స్ విండో పద్ధతికి రూపకల్పన చేసిరి. 1987లో వెలువడిన దాని పదునొకండవ రూపమే తరువాత లినక్సునకు సంక్రమించినది. ఈ పద్ధతిలో ‘డిస్‌ప్లే’ అనగా ఒక మనిషి కూర్చుండి పని చేయు చోటు. దానికి ఒక కీబోర్డు, ఒక మౌసు, ఒకటిగాని అంతకెక్కువగాని ‘స్క్రీన్లు’ ఉండును. మొదటి స్క్రీను పేరు :0.0, రెండవదాని పేరు :0.1. ప్రతి స్క్రీనుకు అన్నిటికి ఆధారమైన మూల విండో వేరు, రంగుల ఏర్పాటు వేరు. ఏ విండోయైనను పుట్టునప్పుడే ఒక స్క్రీనుకు చెందిపోవును. ఆ పుట్టుక మారదు. మౌసు మాత్రము మనిషికి చెందినది, స్క్రీనుకు చెందినది కాదు. బాణము దాటి విండో దాటకపోవుటకు కారణమిదే.

నాటి పరిస్థితులలో ఈ నిర్ణయము తప్పు కాదు. ఒకే యంత్రమునకు ఒక రంగుల తెరయు, ఒక నలుపు తెలుపు తెరయు ఉండగల కాలమది. రంగుల తెరకై గీసిన విండోను నలుపు తెలుపు తెరమీదికి లాగుట ఎట్లు? వాటిని వేరుగా ఉంచుటే ఉచితము. పైగా ఇది నిజాయితీగల ఏర్పాటు. గోడ ఎక్కడ ఉన్నదో అది దాచలేదు.

దోషము పదముల వాడుకలో ఉన్నది. యంత్రపు కార్డునకు సంబంధించిన విభజనకును, మనిషి పని చేయు స్థలమునకును ఎక్స్ ఒకే పదమును కట్టిపెట్టినది. తెలుగులో ‘తెర’ అను మాటకును ఇదే చిక్కు కలదు. గాజుపలక గల మానిటరును తెర అందుము. దానిమీద కనబడు బొమ్మను తెర అందుము. పని చేయు మొత్తము స్థలమును కూడ తెర అనియే అందుము. మాటలలో ఇది పెద్ద హాని చేయదు. కాని యంత్రముల నడుమ సంభాషణకు పెట్టిన నియమావళిలో ఒకమారు ఇట్లు ముడిపడిన అర్థములను విడదీయుట ఎంత కష్టమో తరువాతి చరిత్ర చూపినది. ఇట్లు వేర్వేరు స్క్రీన్లుగా నడుపు పద్ధతిని పనివారు ‘జాఫోడ్’ పద్ధతి అనిరి. డగ్లస్ ఆడమ్స్ కథలలోని రెండు తలల పాత్రకు ఆ పేరు కలదు. తలలు రెండు, శరీరము ఒకటి.

ఇద్దరిచేత ఒకే ఆట

ఈ లోపమును సవరించుటకు డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారు పనోరమిక్స్ అను ఏర్పాటును తయారుచేసిరి. 1998లో అది ఎక్స్ ప్రమాణములలో చేరి జినెరామా అను పేరు పొందినది. 2000లో వెలువడిన ఎక్స్‌ఫ్రీ86 నాలుగవ రూపముతో అది లినక్సు వాడుకరులకు అందినది. ఈ పేరు సినిమానుండి వచ్చినది. 1952లో న్యూయార్కులో ప్రదర్శన మొదలుపెట్టిన సినెరామా అను పద్ధతిలో మూడు ప్రొజెక్టర్లు ఒకేసారి నడచి, వంపుగల వెడల్పైన తెరమీద మూడు బొమ్మలను ప్రక్కప్రక్కన పరచెడివి. బొమ్మకు బొమ్మకు నడుమ అతుకు ప్రేక్షకులకు కనబడుచునే ఉండెను. ఆ పేరు పెట్టుకొన్న ఏర్పాటు అతుకును కూడ వారసత్వముగా పొందినది.

జినెరామా పద్ధతి తోలుబొమ్మలాటలోని రెండవ మార్గము. ఒక ప్రోగ్రాము ఒక విండోను తెరువుమని అడిగినచో, సర్వరు ఆ విండోను అన్ని కార్డులమీదను తెరచును. గీయుమన్న ప్రతి గీతను ప్రతి కార్డుకును చెప్పును. ఏ కార్డు తన పరిధిలోని భాగమును మాత్రమే చూపును. దీని గుణము గొప్పది. ప్రోగ్రాములలో ఒక్క అక్షరమైనను మార్చకుండ, వేర్వేరు సంస్థల కార్డులమీద ఒకే విశాలమైన పనిస్థలము ఏర్పడినది. విండో గీత దాటినది. నేటికిని ఆ ఘనత జినెరామాదే.

కాని ధరయు తక్కువ కాదు. ప్రతి పని కార్డుల సంఖ్యచేత గుణింపబడును. ప్రతి బొమ్మకు ప్రతి కార్డు మెమరీలోను ఒక నకలు ఉండవలెను. అన్ని కార్డులును ఒకే రంగుల లోతులో నడువవలెను. స్వేచ్ఛా డ్రైవర్లలో త్రిమితీయ చిత్రములను వేగముగా గీయు శక్తి మూలపడెడిది. విండోలను విడిగా గీసి ఒకదానిపై నొకటి కూర్చు ‘కంపోజిట్’ ఏర్పాటుతోను ఇది చాలకాలము పొసగలేదు. ఆ కూర్పుమీదనే ఆధారపడు గ్నోమ్ షెల్ వంటి కొత్త ముఖములు 2011నుండి వచ్చినప్పుడు, జినెరామా వాడువారు కొత్తదనమో రెండవ కార్డో ఒకటి వదలుకొనవలసి వచ్చినది. గోడను దాచుటకు జరిగిన మొదటి యత్నము ఇట్లు ముగిసినది.

పది అనగా పదునారు

ఈ కాలములోనే వాడుకరిని మిక్కిలిగా బాధించిన మరియొక వస్తువు అమరికల ఫైలు. రెండు కార్డులున్నచో ఏ కార్డు ఎక్కడ ఉన్నదో సర్వరుకు పి.సి.ఐ. చిరునామా వ్రాసి చెప్పవలెను. ఆ చిరునామాను తెలుపు లినక్సు ఆజ్ఞ దానిని పదునారు మూలముగాగల అంకెలలో చూపును. అమరికల ఫైలు మామూలు దశాంశ అంకెలను కోరును. ఆజ్ఞ 10:00.0 అని చూపిన కార్డును ఫైలులో 16:0:0 అని వ్రాయవలెను. తెలియనివాడు 10 అనియే వ్రాయును. ఆ చిరునామాలో కార్డు ఉండదు. సర్వరు మొదలు కాదు. తెర నల్లగా ఉండును. చిరునామా తొమ్మిదిలోపు ఉన్నంతవరకు రెండు పద్ధతులలోను అంకె ఒకటే గనుక తప్పు బయటపడదు. ఒక యంత్రములో సరిగా పనిచేసిన జ్ఞానము మరియొక యంత్రములో మోసపుచ్చును. ఇది వాడుకరి అజ్ఞానము కాదు. ఒకే వస్తువును రెండు పరికరములు రెండు భాషలలో పిలిచి, ఆ భేదమును చెప్పకపోవుట రూపకర్తల దోషము.

ఇంతకంటె లోతైన చిక్కు ఒకటి వి.జి.ఏ. కాలమునుండి వచ్చినది. ప్రతి కార్డును యంత్రములో తానొక్కతియే ఉన్నదనుకొని ఒకే పాత చిరునామాల వరుసకు పలుకును. రెండు కార్డులు ఒకేసారి పలికినచో గందరగోళము. ఎవరు ఎప్పుడు పలుకవలెనో నిర్ణయించు మధ్యవర్తి 2009లో వెలువడిన లినక్సు 2.6.32 కెర్నెలులో చేరినది. వాడుకరికి కనబడకుండ చేసిన మంచి పని ఇది. దాచవలసిన దానిని దాచుటకును, చెప్పవలసిన దానిని దాచుటకును ఉన్న భేదమును ఈ రెండు ఉదాహరణములు స్పష్టము చేయును.

ఒకరు ఆడగా మరియొకరు నకలు తీయుట

2007లో ర్యాండ్‌ఆర్ అను విస్తరణకు 1.2 రూపము వచ్చినది. కీత్ ప్యాకార్డ్, జిమ్ గెటిస్‌లు మొదలుపెట్టిన విస్తరణ ఇది. స్క్రీను వేరు, తెర నియంత్రకము వేరు, మానిటరు తగిలించు ద్వారము వేరు అని ఇది పదములను విడదీసినది. సర్వరును ఆపకుండ మానిటరును తగిలించుటకును, తిప్పుటకును, జరుపుటకును వీలు కలిగినది. ముడిపడిన అర్థములను విప్పగానే సమస్యలో సగము విడిపోయినది. ఎక్స్ చరిత్రలో ఇది మేలైన ఘట్టములలో ఒకటి. అయితే ఈ మేలంతయు ఒకే కార్డు ఉన్నవానికే. రెండు కార్డులవానికి జినెరామా కావలెను. జినెరామా పెట్టినచో ఈ సౌకర్యము పనిచేయదు. ఐదేండ్లకు పైగా రెండు కార్డుల వాడుకరి వాకిటనే నిలిచియుండెను.

2012 సెప్టెంబరులో ఎక్స్ సర్వరు 1.13తో వచ్చిన ర్యాండ్‌ఆర్ 1.4 ఆ తలుపు తెరచినది. దీనిలో డేవ్ ఎయిర్లీ కృషి ముఖ్యమైనది. దీనివలన ఒక కార్డు మొత్తము పనిస్థలమును గీయును. రెండవ కార్డు తన మానిటరునకు కావలసిన భాగమును నకలుగా తీసుకొని చూపును. ఇదియే మూడవ మార్గము. ప్రైమ్ అని దీనికి పేరు. నిజమునకు దీనిని ముందుకు నెట్టినది బల్లమీది పాత కార్డు కాదు. 2010 తరువాత రెండు గ్రాఫిక్స్ భాగములు గల లాప్‌టాపులు విరివిగా వచ్చినవి. వాటిలో కొన్నిటియందు బయటి మానిటరు ద్వారము ఒక భాగమునకును, లోపలి తెర మరియొక భాగమునకును చెందియుండెను. పేదవాని అవసరము తీరినది కాని, అతనికై తీర్చలేదు.

నకలుకు వెల ఎంతయో లెక్కించి చూడవచ్చును. 1920 × 1080 తెరమీద దృశ్యమంతయు సెకనుకు 60 మారులు మారుచున్నచో దాదాపు 50 కోట్ల బైట్లు ఒక కార్డునుండి మరియొక కార్డుకు ప్రయాణము చేయవలెను. 3840 × 2160 తెరకు దాదాపు 199 కోట్లు. మూడవ తరపు పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్‌లో పదునారు దారుల స్థానము సెకనుకు సుమారు 1,575 కోట్ల బైట్లను మోయగలదు. దానికి ఇది లెక్కలోనిది కాదు. కాని రెండవ కార్డును సాధారణముగా మిగిలిన చిన్న స్థానములో పెట్టుదురు. ఒకే దారిగల స్థానము సుమారు 98 కోట్లనే మోయును. చిన్న తెర నడచును. పెద్ద తెర తడబడును. రెండవ తరపు ఒకే దారి స్థానమైనచో 50 కోట్లు. చిన్న తెరకే అంతంతమాత్రము. కార్డు మంచిదే, డ్రైవరు మంచిదే. ఇరుకు దారిలో ఉన్నది. ఈ మాటను వాడుకరికి చెప్పు కిటికీ సామాన్యమైన అమరికల పలకలలో కనబడదు.

రెండవ వెల కాలమునకు సంబంధించినది. రెండు కార్డుల గడియారములు వేరు. ఒక మానిటరు సెకనుకు 60 మారులు, మరియొకటి 59.94 మారులు మారుచున్నవనుకొనుడు. భేదము 0.06. దాదాపు ప్రతి పదునేడు సెకనులకు ఒకమారు ఒక తెర మరియొకదానికంటె ఒక పూర్తి బొమ్మ వెనుకబడును. ఎవరి గడియారమును అనుసరించి గీయవలెను? ఒకదానిని అనుసరించినచో రెండవదానిలో బొమ్మ అడ్డముగా చీలినట్లు కనబడవచ్చును, లేదా ఒక బొమ్మ రెండుమారులు నిలిచిపోవచ్చును. ఇది ప్రోగ్రాములోని తప్పు కాదు, గోడయొక్క నీడ.

తాళము వేసిన డ్రైవర్లు

రెండు కార్డులు సరుకు మార్చుకొనవలెనన్నచో రెండు డ్రైవర్లు ఒక ఒప్పందమునకు రావలెను. ఈ ఒప్పందమునకు కెర్నెలులో డి.ఎం.ఏ.-బఫ్ అని పేరు. భారతీయ ఇంజనీరు సుమిత్ సెమ్వాల్ కృషిలో ముఖ్యుడుగా ఉండి తెచ్చిన ఈ ఏర్పాటు 2012లో లినక్సు 3.3తో వెలువడినది. అయితే దీనిని స్వేచ్ఛా లైసెన్సు గల డ్రైవర్లు మాత్రమే వాడుకొనవచ్చునని నియమము పెట్టిరి. మూసిన డ్రైవరు గల ఎన్‌విడియా సంస్థ ఆ నియమమును సడలింపుమని అదే సంవత్సరము కోరగా, కెర్నెలు రచయితలలో ఒకడైన అలన్ కాక్స్ నిరాకరించెను. ఆ యేటి జూన్‌లో ఫిన్లండులోని ఒక సభలో లినస్ టోర్వాల్డ్స్ ఆ సంస్థను బహిరంగముగా నిందించుట కూడ ప్రసిద్ధమే.

ఇరుపక్షముల వాదమును న్యాయముగా చూడవలెను. తాము స్వేచ్ఛగా ఇచ్చిన శ్రమను మూసిన వస్తువులో కలుపరాదని రచయితలు కోరుట ధర్మమే. ఆ పట్టుదల వృథా కాలేదు. ఆ సంస్థ 2013లో వేరు దారిని ప్రైమ్‌కు తోడ్పాటు ఇచ్చినది; 2021లో ఇతరులు వాడు మెమరీ ఏర్పాటునకు వచ్చినది; 2022లో తన కెర్నెలు భాగములను బహిరంగపరచినది. కాని పదేండ్ల వివాదములో ఇబ్బందిపడినది రెండు పక్షములలో ఏదియు కాదు. రెండు కార్డులు కొన్నవాడు.

మూసిన డ్రైవరు వలన మరియొక హాని కలదు. దాని రెండు రూపములను ఒకే యంత్రములో ఒకేసారి నడుపుటకు వీలులేదు. పాత తరపు కార్డుకు పాత రూపము కావలెను. కొత్త కార్డుకు కొత్తది. 340 వరుసకు 2019తోను, 390 వరుసకు 2022తోను సంస్థ తోడ్పాటు ముగిసినది. అనగా ఒకే సంస్థకు చెందిన రెండు మంచి కార్డులు ఒకే బల్లమీద కలిసి పనిచేయలేకపోవచ్చును. స్వేచ్ఛా డ్రైవరైన నూవో ఆ రెంటిని కలిపి నడుపగలదు; కాని చాల కార్డులలో పూర్తి వేగము అందదు. పాత కార్డు చెడిపోయి చెత్తలోనికి పోవుట వేరు, బాగుండి పోవుట వేరు.

వేలాండ్ వచ్చిన పిమ్మట

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ నేడు ఎక్స్ స్థానమును ఆక్రమించుచున్నది. 2025లో వెలువడిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10లో ఎక్స్ సర్వరును తీసివేసిరి. వేలాండులో ప్రోగ్రాము తన విండోను తాను గీసి కూర్పరికి అప్పగించును. కూర్పరియే అన్ని విండోలను తెరలమీద అమర్చును. ఏ తెర ఏ కార్డుదో ప్రోగ్రామునకు తెలియనవసరము లేదు. 1987నాటి ముడి ఇక్కడ నిజముగా విడినది. ప్రతి తెరను దాని గడియారమునకు అనుగుణముగా విడివిడిగా నింపుటకును వీలు కలిగినది. ఏ కార్డు ఎప్పుడు గీయుట ముగించినదో స్పష్టముగా తెలుపుకొను నియమము కూడ 2024లో చేరినది. ఇవి మెచ్చదగినవి.

కాని కూర్పరి ఒక్కటి కాదు. గ్నోమ్‌ది వేరు, కేడీఈది వేరు, ఇతరులది వేరు. ముఖ్యమైన కార్డు ఏదో చెప్పుటకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పద్ధతి. డబ్ల్యుఎల్‌రూట్స్ అను గ్రంథాలయముపై కట్టిన కూర్పరులకు కార్డుల పేర్లను ‘:’ గుర్తుతో వేరుచేసి వరుసగా చెప్పవలెను. మామూలు పేర్లైన కార్డు 0, కార్డు 1 అనునవి యంత్రము వెలిగిన ప్రతిమారు మారవచ్చును. మారని పేర్లు లేకపోలేదు, కాని పి.సి.ఐ. చిరునామాతో కూడిన ఆ పేర్ల నడుమనే ‘:’ గుర్తు ఉన్నది! కనుక స్థిరమైన పేరును వ్రాసినచో అది ముక్కలై ఏ ముక్కయు కార్డు కాకపోవును. వాడుకరి ఆ గుర్తు లేని మారుపేరును ముందుగా తయారుచేసుకొనవలసి వచ్చినది. పది అనగా పదునారు అయిన పాత కథయే కొత్త వేషముతో మరల వచ్చినది. పునాదిని మార్చినవారు గుమ్మమును మార్చలేదు.

గోడ వరమైన చోటు

గోడను అందరును తిట్టుచుండగా, దానిని ఉపయోగించుకొన్నవారును కలరు. ఒక యంత్రములో అనేక కార్డులు పెట్టి, ఒక్కొక్క కార్డుకు ఒక మానిటరును, ఒక కీబోర్డును, ఒక మౌసును ఇచ్చినచో ఒకే కంప్యూటరుమీద అనేకులు కూర్చుండి పని చేయవచ్చును. బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రములో అచటి ఫెడరల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ప్రభుత్వ పాఠశాలలకై ఒక్కొక్క యంత్రమునకు నలుగురు విద్యార్థులు కూర్చుండు ఏర్పాటును లినక్సుతో నిర్మించిరి. నేటి లినక్సు పంపిణీలలో ఏ కార్డు ఏ ఆసనమునకు చెందినదో ఒక్క ఆజ్ఞతో నిర్ణయింపవచ్చును. ఇక్కడ నకలు లేదు, గడియారముల పోటీ లేదు, దాచవలసినది ఏమియు లేదు. ఎవరి ఆట వారిదే. కంప్యూటర్లు తక్కువై విద్యార్థులు ఎక్కువగా ఉన్న ప్రయోగశాలలవారు రెండవ కార్డుకు మొదట ఈ ఉపయోగమును ఆలోచించుట మంచిది.

తుది మాట

ఈ పరిశీలనవలన తేలిన సంగతి ఇది. రెండు కార్డుల నడుమనున్న గోడ భౌతికమైనది. దానిని ఉన్నదున్నట్లు చూపిన జాఫోడ్ పద్ధతి ఇరుకైనదైనను అబద్ధమాడలేదు. జినెరామా దానిని దాచి శక్తిని పోగొట్టుకొన్నది. ప్రైమ్, వేలాండులు సరియైన మార్గమును పట్టినవి. కాని మార్గమునకు చెల్లించు సుంకమును వాడుకరికి తెలుపుట లేదు. ఏ కార్డు గీయుచున్నది, ఏది నకలు తీయుచున్నది, నడుమ దారి ఎంత వెడల్పు, ఎవరి గడియారము నడచుచున్నది — ఈ నాలుగు విషయములను అమరికల పలకలో నాలుగు పంక్తులలో వ్రాసి చూపుట కష్టమైన పని కాదు. యంత్రమునకు ఈ నాలుగును చాలవరకు తెలుసు. మనిషికి మాత్రము చెప్పరు.

అంతవరకు వాడుకరి తానే జాగ్రత్త పడవలెను. ఒకే కార్డుకు తగిలించగలిగినన్ని మానిటర్లను దానికే తగిలించవలెను. రెండవ కార్డు తప్పనిసరియైనచో, స్వేచ్ఛా డ్రైవరుతో నడచునదానిని ఎన్నుకొనవలెను. దానిని వెడల్పైన స్థానములో పెట్టవలెను. చలనచిత్రములను మొదటి తెరమీద, కదలని పత్రములను రెండవ తెరమీద ఉంచవలెను. అతుకు ఎక్కడ ఉన్నదో తెలిసినవాడు అచట గుడ్డను లాగడు. ఆ తెలివిని ఊహకు వదలక, చూపు బాధ్యతను రూపకర్తలు స్వీకరించిననాడు పాత కార్డునకు ప్రాణము పోసితిమని లినక్సు చెప్పుకొను మాట సార్థకమగును.